పూసినట్టే తెలియదు!

పొద్దున్న ఏడున్నర. కుక్కర్ మూడో కూత కూసింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ ఆవిడ అద్దం ముందుకొస్తుంది. ఎనిమిదింబావుకి సిటీ బస్సు. విజయవాడ ఎండకి ఆ వేళకే మెడ మీద చెమట. అయినా ఇరవై ఏళ్లుగా ఒకటే వరస... ముందు స్నో, దాని మీద పౌడరు, ఆ పైన మళ్లీ పౌడరు. ఆఖర్న కాటుక, బొట్టుబిళ్ల. రెండు బుగ్గల మీదా పరుచుకున్న మంగు మచ్చలు ఎవరికీ కనపడకూడదు. అదీ పట్టుదల.

కనపడేవి కావు కూడా... ఇంట్లో ట్యూబులైటు కింద! బస్సు దిగి స్కూలు గేటు దాటేసరికి వేరే కథ. చామనఛాయ మొహం మీద తెల్లటి పౌడరు చెమటతో కలిసి బూడిద చారలు తేలేది. ఎనిమిదో తరగతి వెనక బెంచీలో ఆవిడకో పేరుంది... 'మైదా టీచర్'. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసీ మానలేదు. మచ్చల మొహం కంటే మైదా మొహమే నయమనుకుంది.

మంగు మొదలైంది కూతురు కడుపులో ఉన్నప్పుడు. ఆ రోజుల్లో హార్మోన్ల మార్పుల వల్ల చాలామందికి వస్తుంది. కాన్పయ్యాక కొందరికి పోతుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది. ఎండ తగిలేకొద్దీ ముదురుతుంది. ఆవిడకి ఉండిపోయింది, ముదిరింది. చుట్టాలు పుట్టెడు సలహాలు చెప్పారు. జాజికాయ అరగదీసి రాసింది. పాల మీగడ, శనగపిండి అయ్యాయి. 2012లో పక్కింటావిడ ఓ ట్యూబు పేరు చెప్పింది. మందుల షాపులో చీటీ అడక్కుండానే ఇచ్చేశారు.

పది రోజుల్లో మొహం తెల్లబడింది. ఓ పెళ్లిలో అయితే భోజనాల బంతిలోనే "ఏం రాస్తున్నావే?" అని నలుగురడిగారు. ఆ సంబరంలో ఆవిడ ఒక సంగతి ఆలస్యంగా గమనించింది. ట్యూబు తొందరగా అయిపోతోంది.

కూతురికి తండ్రి రంగు. తొమ్మిదో తరగతి. అమ్మ రాసుకుంటే తెల్లబడింది కదా అని రోజూ రాత్రి చాటుగా తనూ రాసుకుంటోంది. కొన్ని నెలలకి పిల్ల బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. మొటిమలు, నూగు వెంట్రుకలు. ఎండలోకి వెళ్తే మంట. చర్మ డాక్టరు ట్యూబు తెమ్మని, వెనక ఉన్న చిన్నక్షరాలు చదివింది. "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా. ఎవరు రాశారిది?" అనడిగింది. ఆవిడ దగ్గర జవాబు లేదు. పిల్ల తల దించుకుంది. నిజానికి దించుకోవాల్సింది ఎవరో ఆవిడకి తెలుసు. చర్మం కుదుటపడటానికి ఏడాదికి పైగా పట్టింది. టెన్త్ పరీక్షలకి పిల్ల మొహానికి చున్నీ చుట్టుకుని వెళ్లింది.

ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంటూ 2018లో కేంద్రం జాబితాలో చేర్చింది. 1975 నుంచీ ఇంటింటా వినపడిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో పేరు మార్చుకుని 'గ్లో అండ్ లవ్లీ' అయింది. 2023లో కేరళలోని మలప్పురంలో కొందరి కిడ్నీలు దెబ్బతినడానికి తెల్లబడే క్రీముల్లోని పాదరసం కారణమని డాక్టర్లు పట్టుకున్నారు. పేర్లు మారాయి, చట్టాలొచ్చాయి. తెల్లబడాలన్న యావ మాత్రం అంత తొందరగా పోయేది కాదు.

ఆ తర్వాత తల్లీకూతుళ్ల మధ్య మొహం రంగు మాట రాలేదు. ట్యూబు పోయింది కానీ ఆవిడ మొహాన పౌడరు మాత్రం మిగిలింది. కూతురు చదువు పూర్తి చేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. 2025 సంక్రాంతికి ఇంటికొచ్చింది. కనుమ నాడు మధ్యాహ్నం పేరంటానికి వెళ్లాలని ఆవిడ పౌడరు డబ్బా తీస్తుంటే, చెయ్యి పట్టుకుని వసారాలోకి లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇక్కడెందుకే, ఎవరైనా చూస్తారు!"

"చూసేది ఈ వెలుతురులోనే కదమ్మా. మరి తయారయ్యేది చీకట్లోనా?"

నిజమే. స్టేజీ మీద నాటకం మేకప్ వేరు, ఆఖరి వరసలో కూర్చున్నవాడికీ కనపడాలి. స్టాఫ్ రూమ్‌లో కుర్చీకీ కుర్చీకీ మధ్య దూరం మూడడుగులే.

కూతురు ముందు మొహం కడిగించింది. తడి పూర్తిగా ఆరకముందే కాస్త మాయిశ్చరైజర్. అది ఇంకాక సన్‌స్క్రీన్, చర్మం రంగు కలిసినది. ఈ రంగు సోకు కోసం కాదు. మంగుకి ఎండలోని అతినీలలోహిత కిరణాలే కాదు, మామూలు వెలుతురు కూడా శత్రువే. రంగు కోసం కలిపే ఐరన్ ఆక్సైడ్లు ఆ వెలుతురునీ కొంత అడ్డుకుంటాయి. తెల్ల సన్‌స్క్రీన్‌లా చామనఛాయ మీద పాలిపోయినట్టూ కనపడదు. చెవుల ముందూ, మెడ మీదా కూడా రాసింది. ఐదు నిమిషాలు ఆగమంది. ఆగడమే ఆవిడకి కష్టం... పొయ్యి మీద పాలున్నాయి!

తర్వాత ఫౌండేషన్. అందరూ ముంజేతి మీద రాసి చూస్తారు. చేతి రంగు వేరు, మొహం రంగు వేరు. దవడ ఎముక దగ్గర మూడు రంగులు పక్కపక్కనే గీసింది. రెండు గీతలుగానే ఉన్నాయి. మూడోది ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

"అదీ నీది."

ఆవిడ అద్దంలో చూసుకుంది. "ఇంకాస్త తెల్లటిది లేదా?"

కూతురు వెంటనే మాట్లాడలేదు. బుగ్గ మీద వేలు అలాగే ఉంది. పన్నెండేళ్లుగా మాట్లాడుకోనిదంతా ఆ కాసేపట్లో ఇద్దరికీ గుర్తొచ్చే ఉంటుంది.

"ఇది మన రంగమ్మా. నాకూ ఇదే," అంది చివరికి.

శనగగింజంత తీసుకుని, మొహమంతా కాకుండా మచ్చలున్న చోటే వేలికొసతో అద్దింది. రుద్దితే లేచిపోతుంది, అద్దితే ఒంటి వేడికి కరిగి చర్మంలో కలుస్తుంది. అంచులు మాత్రం కనపడకుండా తడి స్పాంజితో ఒత్తింది. కళ్ల కింద నలుపు మీద ముందు నారింజ ఛాయది చుక్కంత. అక్కడి నీలితనం ఆ ఛాయకి విరుగుతుంది. నేరుగా లేత రంగు పూసి ఉంటే బూడిదగుమ్మడికాయే! దాని మీద పల్చగా చర్మం రంగుది. పౌడరు వద్దనలేదు, కానీ ముక్కు మీదా, నుదుటి మీదా మాత్రమే, అదీ బ్రష్షుతో విదిలించి. ఇటుక రంగు లిప్‌స్టిక్ వేలితో పెదాలకి అద్ది, వేలికి మిగిలింది బుగ్గలకి రాసింది. కాటుక పైరెప్పకి మాత్రమే. కింద పెడితే పది గంటలకల్లా కారుతుంది.

బొట్టుబిళ్ల దగ్గర ఆగింది. ఏళ్ల తరబడి ఒకే చోట అంటించడంతో ఆవిడ నుదుట చిన్న తెల్ల మరక పడింది. కొన్ని స్టిక్కర్ల జిగురు పడని వాళ్లకి అక్కడ రంగు పోతుంది. ఆ మరక చాలామందికి బిళ్ల కింద దాక్కునే ఉంటుంది! "ఇక ఇది అంటించకు, డాక్టర్‌కి చూపిద్దాం," అంటూ కుంకుమ తెచ్చి దిద్దింది.

మచ్చలు పూర్తిగా పోయాయా? లేదు. పరీక్షగా చూస్తే నీడలా తెలుస్తూనే ఉన్నాయి. ఆవిడ ఇంకో పూత వెయ్యమంది. కూతురు మూత బిగించేసింది.

సెలవులయ్యాక మొదటి రోజు, తెలుగు టీచరు ఆవిడని ఎగాదిగా చూసింది. "ఇవాళ పౌడరు మర్చిపోయారా? బాగా నిద్రపోయినట్టున్నారు, మొహం తేటగా ఉంది." ఎనిమిదో తరగతి వాళ్లు ఏమీ అనలేదు. వాళ్లకసలు తేడా తెలిసిందో లేదో!

సాయంత్రం కొబ్బరినూనెతో తుడుచుకుంటే మచ్చలు ఎక్కడివక్కడే ఉన్నాయి. దూదికి అంటిన మరకని కాసేపు చూసింది. తన చర్మం రంగే.

ఎండలు ముదిరేసరికి ఆ ట్యూబు చివర మడతపెట్టి పిండాల్సి వచ్చింది. ఒక రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కూతురికి ఫోన్ చేసింది.

"అది అయిపోయిందే. ఇంకోటి పంపు."

"సరే అమ్మా. ఏ రంగు?"

"మనదే."