గట్టు మీద నడిచినవాడు

2020లో వర్క్ ఫ్రమ్ హోమ్ మొదలయ్యాక హైదరాబాదులో గది ఖాళీ చేసి రాజమండ్రి వచ్చేశాను. మేడ మీద నా గదిలో రెండు లాప్‌టాప్‌లు. ఒకటి ఆఫీసుది, ఒకటి నాది. కింద హాల్లో నాన్న డెస్క్‌టాప్, విండోస్ 7. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన దగ్గర్నుంచీ కాలవల మీద గడిపిన రోజుల గురించి అందులో టైపు చేసుకుంటున్నారు. రోజుకి నాలుగైదు కేకలు వినపడేవి. "ఒరేయ్, ఒక్కసారి కిందకి రా!" ఫైలు కనపడదు, ప్రింటరు కదలదు, అక్షరాలు ఉన్నట్టుండి చిన్నవైపోతాయి.

మెట్లు ఎక్కీ దిగీ విసుగొచ్చి ఆయన కంప్యూటర్లో వీఎన్‌సీ పెట్టాను. ఆయన తెర మొత్తం నా తెర మీద కనిపిస్తుంది, ఇక్కడ నేను మౌసు కదిపితే అక్కడ బాణం కదులుతుంది. రెండూ ఒకే రౌటర్ కింద ఉన్నాయి కాబట్టి బయట ఇంటర్నెట్ పోయినా పని ఆగదు. కుర్చీలోంచి లేవకుండా అన్నీ సరిచేసేస్తున్నాను. ఇంజనీరుకి ఇంతకన్నా సుఖమేముంటుంది?

వారం తిరక్కుండా కేకలు ఆగిపోయాయి. సమస్యలు తీరాయనుకున్నా. అమ్మ చెప్పింది అసలు సంగతి. "మీ నాన్న ఆ కంప్యూటర్ ముట్టుకోవట్లేదురా. బాణం దానంతటదే తిరుగుతుంటే ఎవరో చెయ్యి పట్టుకుని రాయిస్తున్నట్టుందట."

కిందకి దిగి అడిగాను. ఆయన కోప్పడలేదు. "ధవళేశ్వరంలో వదిలితే తూర్పు డెల్టాకి, బొబ్బర్లంకలో వదిలితే మధ్య డెల్టాకి, విజ్జేశ్వరంలో వదిలితే పశ్చిమ డెల్టాకి నీరెళ్తుంది. అంతా పైనుంచే నడుస్తుంది, నిజమే. కానీ కింద ఏ లాకు దగ్గర గుర్రపుడెక్క అడ్డం పడిందో గట్టు మీద నడిచిన లస్కరుకే తెలుస్తుంది. నువ్వు నడవడం మానేశావు," అన్నారు. 1852లో కాటన్ పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. వాటి నీడలో బతికిన మనిషికి రిమోట్ కంట్రోల్ గురించి నేను చెప్పేదేముంది?

వీఎన్‌సీ తీసేసి బ్యారియర్ పెట్టాను. 2001లో మొదలైన సినర్జీ అనే ప్రోగ్రాంలోంచి చీలి వచ్చిందది. ఇది తెరని తీసుకురాదు. కీబోర్డు, మౌసు, కాపీ చేసిన అక్షరాలు మాత్రమే ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి వెళ్తాయి. నా తెర ఎడమ అంచు దాటిస్తే బాణం పక్క తెర మీద తేలుతుంది. అంటే రెండు తెరలూ కళ్ల ముందు ఉండాల్సిందే. మేడ మీంచి కుదరదు. లాప్‌టాప్ పట్టుకుని నాన్న పక్కన కూర్చోవాల్సి వచ్చింది. బాణం దాటినప్పుడల్లా "గట్టు దాటావా?" అని అడిగేవారు.

అక్కడ కూర్చున్నాకే అసలు ప్రమాదం బయటపడింది. ఆయన రాసిన పేరా కాపీ చేసి నా లాప్‌టాప్‌లో పేస్టు చేస్తే తెలుగుకి బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. ఆయన వాడేది పాత డీటీపీ ఫాంటు. అందులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు లేని చోట అది తెలుగు కాదు. తెలుగు 1991 నాటికే యూనికోడ్‌లో చేరింది, మా హాల్లోకి మాత్రం రాలేదు. ఆ డెస్క్‌టాప్ పాడైతే, ఫాంటు దొరక్కపోతే, ఆయన రాసిందంతా చదవలేని చెత్తే. వారమంతా మేడ మీంచి ఆ తెరని చూస్తూ కూడా నేనిది గమనించలేదు. ఫాంటు సైజు సరిచేశాను గానీ ఒక్క వాక్యం చదవలేదు.

కన్వర్టర్ వాడి చూశాను. వత్తులు ఎగిరిపోయాయి, ఊళ్ల పేర్లు చెడిపోయాయి. చివరికి రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆయన తన తెర మీద చూసి చదవడం, నేను యూనికోడ్‌లో కొట్టడం. మధ్యమధ్య నా మౌసుతోనే ఆయన పేజీ కిందకి జరిపేవాణ్ణి, "జరపనా?" అని అడిగి.

నలభై పేజీలయ్యేసరికి ఆఫీసు వెనక్కి పిలిచింది. హైదరాబాదు నుంచి ఆ డెస్క్‌టాప్‌లోకి వెళ్లే దారులు నాకు చాలా తెలుసు. ఏదీ పెట్టలేదు. ఫైలు కాపీ మాత్రం ఫాంటుతో సహా నా దగ్గర దాచాను. మిగతా పేజీలు పండక్కి వెళ్లినప్పుడు, ఆయన పక్కన కూర్చునే.