పనికొచ్చే భయం

60 వాట్ల పాత బల్బు వెలగాలంటే పావు ఆంపియరు కరెంటు చాలు. మనిషి గుండె ఆగడానికి అంత కూడా అక్కర్లేదు. ఈ లెక్కను పదో తరగతి పిల్లలకు ఏళ్ళ తరబడి బోర్డు మీద చేసి చూపించాను. ఇంట్లో వోల్టేజి 230, తడిసిన ఒంటి నిరోధం 1000 ఓములనుకోండి, భాగిస్తే 0.23 ఆంపియర్లు. పిల్లలు రాసుకునేవారు, నేను చేతులకంటిన సుద్దపొడి దులుపుకుని తర్వాతి లెక్కకు వెళ్ళేవాణ్ణి. ఆ అంకె మాలో ఎవరినీ భయపెట్టలేదు. నిచ్చెనెక్కి, తల పైకెత్తి, సీలింగు డబ్బాలోంచి వేలాడుతున్న తీగల్ని వట్టి చేత్తో పట్టుకోవాల్సి వచ్చాకే దాని అర్థం ఒంటికి తెలిసింది.

2020లో బడులు మూతపడ్డాక ప్రైవేటు టీచర్ల బతుకేమైందో తెలంగాణలో అందరూ చూశారు. కూరగాయలమ్మినవాళ్ళున్నారు, ఆటో తోలినవాళ్ళున్నారు, ఉపాధి హామీ పనికి పోయి మట్టి తవ్వినవాళ్ళున్నారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ప్రభుత్వం 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చి ఆదుకుంది. బడులు తెరిచాక చాలామంది మళ్ళీ పాత రిజిస్టర్లో సంతకం పెట్టారు. నాకెందుకో కాలు అటు పడలేదు. మా వీధిలోని కరెంటు మేస్త్రీ దగ్గరికి వెళ్ళి, సామాన్ల సంచి మోస్తాను, పని నేర్పమన్నాను.

బడి పద్ధతిలో నేర్చుకునే దారి లేకపోలేదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ళు. పది పాసైతే చేరొచ్చు, ముదిరిపోయాడని ఎవరూ వెనక్కి పంపరు. కానీ ఇంటద్దె, పిల్లల ఫీజులు నెత్తిమీదున్నవాడు రెండేళ్ళు బెంచీ మీద కూర్చుంటే ఇల్లు గడవదు. వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరు చేతనే, పర్మిటున్నవాడి పర్యవేక్షణలోనే జరగాలని నిబంధన ఉంది. ఊళ్ళో ఇళ్ళు చూస్తే మాత్రం, సగానికి సగం ఎవరో ఒక మేస్త్రీ వెనక తిరిగి నేర్చుకున్న చేతులు చేసినవే అనిపిస్తుంది.

మా మేస్త్రీకి నా వయసులో సగం కూడా ఉండదు. అయినా నన్ను 'సార్' అనే పిలుస్తాడు. మర్యాద మర్యాదే, పని పనే. "సార్, జర ఆ సుత్తి అందుకోండ్రి", "సార్, గోడ కటింగ్ ఇంకింత లోతు పోవాలె" అంటాడు. ఇళ్ళవాళ్ళకు ఆ బాధ లేదు. "ఓ కరెంటాయనా, చెప్పులు బయట విడిచి రా" అంటారు. ఎమ్మెస్సీ, బీఈడీ చదివి గోడలు కొడుతున్నాడని చుట్టాల్లో కొన్నాళ్ళు చెప్పుకున్నారు. తర్వాత వాళ్ళ ఇన్వర్టర్లు చెడిపోవడం మొదలై, ఆ మాట సద్దుమణిగింది.

నలభై దాటాక నేర్చుకునేవాడికి బుర్ర సహకరించదంటారు. నా మటుకు బుర్ర బాగానే ఉంది, మొరాయించినవి మెడ, మోకాళ్ళు, కళ్ళు. వైరు మీద 1.5 అని రాసుందో 2.5 అని రాసుందో కళ్ళజోడు లేనిదే కనబడదు. మొదటిది లైట్లకు, రెండోది పవర్ సాకెట్లకు. తారుమారైతే గోడలోపల వైరు వేడెక్కుతుంది. పైగా ఈ పనికో శాపముంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఎవరింటికి వెళ్ళినా, ముందుగా చేయాల్సింది మెయిన్ ఆపడం. ఫ్యాన్లు బాగుచేసేవాడు ఫ్యాను కింద పనిచేయలేడు.

సైన్సు తెలిసినవాడికి ఈ పని సులువనుకునేవాళ్ళు ఒక చిన్న సంగతి వినాలి. హన్మకొండలో ఒక ఇంట్లో ముందుగదిలో ఫ్యాను తిరగడం లేదు, లైటు వెలగడం లేదు. టెస్టరు పెట్టి చూస్తే సాకెట్ రెండు రంధ్రాల్లోనూ వెలుగుతోంది. ఫేజులో వెలగాలి, న్యూట్రల్లో వెలగకూడదు. రెండింట్లో కరెంటుంటే ఏదీ ఎందుకు పనిచేయదు? నేను మనసులో సర్క్యూటు బొమ్మ గీసుకుంటూ నిలబడ్డాను. మేస్త్రీ గోడకున్న స్విచ్చులన్నీ ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాడు. ఆఖరి స్విచ్చు ఆపగానే ఒక రంధ్రంలో వెలుగు పోయింది. "న్యూట్రల్ కట్టయింది సార్. ఫ్యాన్లకెల్లి రిటర్న్ వస్తుంది" అన్నాడు. ఫేజు ఫ్యాను చుట్టల గుండా అవతలికి వెళ్ళి, పోయే దారి లేక న్యూట్రల్ తీగలోనే నిలబడిందన్నమాట. బోర్డు విప్పితే లోపల ఒక అతుకు మాడి ఉంది. నల్లటేపు కరిగి వేళ్ళకు అంటుకుంది. ఇదే ప్రశ్న పరీక్షలో ఇస్తే నాలుగు మార్కులకు నాలుగూ నాకే వచ్చేవి. గోడ ముందు నిలబడితే అతనికి వచ్చాయి.

అతని దగ్గర లేనిది, నా దగ్గర దండిగా ఉన్నది ఒకటుంది. భయం. పద్దెనిమిదేళ్ళకు ఈ పనిలో దిగినవాడు మెయిన్ ఆపకుండానే హోల్డరు మార్చేస్తాడు. చిన్న షాకు తగిలితే నవ్వేసి చెయ్యి విదిలిస్తాడు. నేను మెయిన్ ఆపుతాను, టెస్టరు పెడతాను, ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో కరెంటున్న మరో చోట పెట్టి చూసి, వచ్చి మళ్ళీ పెడతాను. మొదట్లో నా నిదానం చూసి మేస్త్రీ విసుక్కునేవాడు. నాకు ఇద్దరు పిల్లలున్నారు, సగం కట్టిన అప్పుంది. ఆ బరువుతో నిచ్చెనెక్కేవాడి చెయ్యి తొందరపడదు. నలుగురూ ఏమంటారోనన్న భయం ఈ పనిలో ఎందుకూ కొరగాదు. తీగంటే భయం మాత్రం సంచిలో పనిముట్లతో పాటు ఉండాల్సిందే.

ఇళ్ళవాళ్ళలో ఆ భయం కనబడదు. ఎంసీబీ ఉంది కదా, షాకు కొడితే అదే పడిపోతుందని ధీమా. 16 ఆంపియర్ల ఎంసీబీ 0.23 ఆంపియర్లకు కదలదు. మనిషి గిలగిలా కొట్టుకుంటున్నా దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంటుంది. అది కాపాడేది వైరును. మనిషిని కాపాడే పని ఆర్‌సీసీబీది. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిపోతున్నాయా అని చూస్తూ, 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, సరఫరా తెంచేస్తుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తాగేది అంతకన్నా ఎక్కువే. దానికి తోడు ఎర్తింగు గుంత. బొగ్గు, ఉప్పు పోసి పూడ్చి, ఎండాకాలంలో నాలుగు బిందెల నీళ్ళు పోస్తే అది తన పని తను చేసుకుంటుంది.

ఇవన్నీ చెప్పి ఖర్చు చెబితే, "లైట్లు వెలుగుతున్నయి కదా" అంటారు. మూడో పిన్నుకు వైరే లేని సాకెట్లో గీజరు పెట్టమంటే నేను పెట్టను. అలా కొన్ని పనులు చేజారాయి. "సార్‌ను తోలుకపోతే ఖర్చు పెరుగుతది" అని మేస్త్రీ నా ముందే నవ్వుతూ చెబుతాడు. మొన్న వాళ్ళ అక్క ఇంట్లో గీజరు పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం తను పోకుండా నన్ను పంపాడు. అక్క దగ్గర కూలి అడగొద్దని, తనే ఇస్తానని కూడా చెప్పాడు. గుంత తవ్వించి, ఎర్తు లాగి, ఆర్‌సీసీబీ పెట్టి వచ్చాను. కూలి ఇంకా రాలేదు.