తాబేటి కన్ను – మన దీపం

వెలుగు లేనిదే చూపు లేదు. అయితే తగని చోట నిలిపిన వెలుగు చూపునే హరింపగలదన్న సంగతి మనకు అంత సులభంగా స్ఫురించదు. నోరులేని జీవిని ఇంట చేర్చుకొన్నప్పుడు దాని మేత ఏమిటని అడుగుతాం. దాని ఎండ ఏది, దాని నీడ ఏది అని అడగం. ఈ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో నాకు ముక్త్యాలలో తెలిసివచ్చింది.

జగ్గయ్యపేటకు చేరువలో, కృష్ణ ఒడ్డున ఉన్న గ్రామం ముక్త్యాల. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన పిమ్మట ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. కింద సున్నపురాతి నేల, పైన నిప్పులు చెరిగే ఎండ. అక్కడ మా ఖాలా ఇంటి పక్కన ఒక తాబేలు ఉండేది. ఎవరో బంధువులు రాయలసీమ నుండి తెచ్చి ఇచ్చారట. నల్లని డిప్ప మీద పసుపు చారలు చుక్కల వలె విరిసిన నక్షత్ర తాబేలు అది. ఇంటర్మీడియట్ చదివే ఆ ఇంటి కుర్రవాడు దానిని ఇసుక పోసిన గాజుతొట్టిలో ఉంచి, పక్కన బల్ల మీద అతినీలలోహిత కిరణాలనిచ్చే దీపం అమర్చాడు.

“మాస్టారూ, వారం రోజులుగా ఇది కళ్లు తెరవడం లేదు. మేత ముట్టడం లేదు. దీపం మంచిదే తెప్పించాను” అన్నాడు.

“దిష్టి తగిలింది నాయనా” అన్నది వాళ్ల అవ్వ.

మేము సంప్రదించిన పశువైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: “దీపం ఎటువైపున ఉన్నది?”

ఆ ప్రశ్నలోనే సగం జవాబున్నది. తాబేటి కన్నుకు పైన ఎముక గట్టు చూరువలె ఉంటుంది. నడినెత్తి సూర్యుని నుండి అది కంటిని కాపాడుతుంది. పక్కనుండి వచ్చే తీక్ష్ణ కిరణాలకు ఆ చూరు అడ్డు కాదు. పైగా తాబేటి కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి. బల్ల మీది దీపం సూటిగా వాటిలోనే పడుతుంది. ముసుగు లేకుండా వెల్డింగు వెలుగును చూసినవాడు ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్లు విలవిలలాడడం మీరెరుగుదురు. అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను వాపజేయడం వల్ల కలిగే బాధ అది. తాబేటికీ అదే గతి. కాని అది చెప్పుకోలేదు. కళ్లు మూసుకొని మేత మానివేస్తుంది.

అట్లని ఆ కిరణాలు అక్కరలేదనుకోరాదు. 280 మొదలు 315 నానోమీటర్ల వరకు గల కిరణాలు చర్మంపై పడితేనే తాబేటి ఒంట డి విటమిను తయారవుతుంది. అది లేనిదే సున్నం వంటబట్టదు, డిప్ప మెత్తబడుతుంది. కిటికీ అద్దం ఈ కిరణాలను చాలావరకు ఆపివేస్తుంది గనుక అద్దం వెనుక ఎండ చాలదు. దీపం వాడక తప్పనిచోట దానిని నడినెత్తినే, తయారీదారు చెప్పిన ఎత్తులోనే వేలాడదీయాలి. కంటికి వెలుగు తగ్గకపోయినా ఈ దీపాలలో పనికివచ్చే కిరణాలు కొన్ని నెలలకే క్షీణిస్తాయి. కనుక గడువు చూసి మార్చాలి. రాత్రి పూర్తిగా చీకటి ఉండాలి.

దీపం ఒక్కటే దోషి కాదు. ఇసుక రేణువులు, మురికి నుండి లేచే ఘాటు, పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ కూడా కంటిని చెరుస్తాయి. ఆకుకూరలు లేని మేత వల్ల ఎ విటమిను కొరవడి రెప్పలు ఉబ్బవచ్చు. దుకాణాలలో అమ్మే నీటి తాబేళ్లలో ఇది మరింత తరచు. అయినా వైద్యుని అనుమతి లేనిదే విటమిను సూదులు గాని, మన కంటి చుక్కలు గాని వేయరాదు. ఎ విటమిను మితిమీరితే చర్మం ఊడివస్తుంది. కొన్ని చుక్కలలోని స్టిరాయిడు కంటిలోని పుండును ముదరబెడుతుంది.

ఇక వసతి మాట. గాజు గోడ తాబేటికి గోడగా తోచదు. దారి ఉన్నదనుకొని దానికే తల బాదుకొంటుంది. చూపు దాటని గోడ, మట్టి నేల, పల్లెపు పళ్లెంలో శుభ్రమైన నీరు, ఒక మూల ఎండ, మరొక మూల దూరి దాగేందుకు పెంకులతో కప్పిన నీడ కావాలి. ఎండలో ఉండాలో నీడకు పోవాలో తాబేలే నిర్ణయించుకోగలగాలి. నేను గ్రహించిన సారమంతా ఈ ఒక్క మాటలోనే ఉన్నది.

ఆ స్వేచ్ఛ సంపూర్ణంగా లభించేది దాని పొదలలోనే. నక్షత్ర తాబేలును ఇంట పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022 నాటి సవరణ దానిని మొదటి షెడ్యూలులో చేర్చింది. అంతకుముందే, 2019లో, దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే సైటిస్ మొదటి అనుబంధంలోనూ దానికి చోటు దక్కింది. ఈ సంగతి చెప్పినప్పుడు అవ్వ కంట నీరు పెట్టుకొన్నది. “మూడేండ్లు బిడ్డలా సాకాను బాబూ, దొంగసొత్తులా అప్పజెప్పమంటావా?” అన్నది. ఆమె ప్రేమలో కల్తీ లేదు. కాని ఆ ప్రేమ తాబేటికి ఎండను ఇవ్వలేకపోయింది. మరునాడు మనుమడే దానిని అటవీశాఖ వారికి అప్పగించి వచ్చాడు. అప్పటికి ఎడమ కన్ను తెరుచుకొన్నది. కుడి కంటి మీద పొర మాత్రం మిగిలిపోయింది.

విద్యార్థి మిత్రులారా! జబ్బుపడిన తాబేలు మీ కంటబడితే తెలిసినంతలో సొంత వైద్యం చేయకండి; పొదలలో వదలివేయనూ వద్దు. నీడపట్టున ఉంచి అటవీశాఖకు తెలియజేయండి. చట్టప్రకారం నమోదు చేసి విదేశీ జాతులను పెంచేవారు మీ ఇరుగుపొరుగున ఉంటే, ఒక్కసారి ఆ దీపం ఎటువైపున ఉన్నదో చూడమనండి. మన కంటికి ఇంపైన వెలుగు వేరు, మరొక ప్రాణికి హితమైన వెలుగు వేరు. ఆ భేదమెరిగి మెలగడమే జీవకారుణ్యం.