పత్రా కింద పెట్టిన డబ్బు

ఈమధ్య కాలంలో మా ఇంట్లో పెట్టిన ఖర్చుల్లో అన్నిటికంటే బాగా తిరిగొచ్చింది బంగారం మీద పెట్టింది కాదు, భీషీ చిట్టీలో వేసింది కాదు. పైకప్పు మీద పెట్టింది. ఇల్లు మా సొంతం కూడా కాదు. పగ్‌డీ ఖోలీ, పాత పద్ధతి అద్దె గది. అందుకే ఈ లెక్క నలుగురికీ చెప్పాలనిపిస్తోంది.

మాది ముంబై కామాఠీపురాలో ఒక పాత చాల్, చివరి అంతస్తు. పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు. మూలన నీళ్లు వాడుకునే మోరీ, పైన సామాన్లు పెట్టుకునే మాళా, నెత్తిన పత్రాలు, అంటే రేకులు. పడమటి గోడకు మధ్యాహ్నం రెండింటికి తగిలిన ఎండ పొద్దుగూకేదాకా వదలదు. ఏప్రిల్, మే నెలల్లో పన్నెండు దాటితే ఆ గదిలో మనిషి కూర్చోలేడు. పిల్లలు గ్యాలరీలో, ఆడవాళ్లు మెట్ల మీద, ముసలివాళ్లు కింది అంతస్తులో తెలిసినవాళ్ల ఇంట్లో. చివరి అంతస్తు వాళ్లందరి ఎండాకాలం ఇట్లాగే గడిచేది.

మా నాన్న చిన్నతనంలో ఇంత వేడి ఉండేది కాదట. అప్పుడు కప్పు మీద మంగళూరు పెంకులు, వాటి కింద చెక్క పలకలు ఉండేవి. మట్టి పెంకు వేడిని నెమ్మదిగా దించుతుంది, సందుల్లోంచి గాలి ఆడుతుంది, కింద చెక్క అడ్డుపడుతుంది. ఎవరూ ఇన్సులేషన్ అన్న మాట అనకపోయినా అది వేడిని ఆపే మూడు పొరల ఏర్పాటే. తర్వాత ఓ వానాకాలం కారడం మొదలై, మరమ్మతులో పెంకులూ పలకలూ తీసి పత్రాలు వేశారు. నీళ్లు ఆగాయి, ఎండ లోపలికొచ్చింది. ఇక్కడి పాత చాళ్లలో చాలావాటి కథ ఇదే.

ఈ మాట రాస్తుంటే మనసు ఒకచోట ఆగుతుంది. 18వ శతాబ్దం చివర నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కామాఠీ కూలీల పేరు మీదే ఈ పేట వెలిసింది. ఈ నగరంలో మట్టి పూడ్చింది, రాయి మోసింది, సున్నం కలిపింది మనవాళ్లు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని కరీంనగర్ వైపు చెప్పుకునే వలసల్లో బొంబాయి వలస ఎంత పాతదో ఈ గల్లీలే చెబుతాయి. గోడ ఎంత మందం ఉండాలో, కప్పు ఎట్లా వేయాలో చేతుల్లో విద్య ఉన్న మనుషుల మనవళ్లం మనం. మన నెత్తి మీది కప్పు గురించి మనమే పట్టించుకోకపోతే ఎట్లా?

పట్టించుకోకపోవడానికి కారణం బద్ధకం కాదు, పగ్‌డీ. గది మీద హక్కు మనది, కట్టడం యజమానిది. అద్దె నామమాత్రంగానే ఉంటుంది కాబట్టి యజమానికి మరమ్మతు చేయించే ఆసక్తి ఉండదు. 1969 చట్టం తర్వాత సెస్ కట్టే భవనాల మరమ్మతు ఒక బోర్డు చేతికి వెళ్లింది, ఇప్పుడది రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాలో భాగం. కానీ ఆ మరమ్మతు భవనం కూలిపోకుండా చూడటానికి. గదిలో ఉక్కపోతను తగ్గించే పని దాని లెక్కలోకి రాదు. పైగా ఇన్నేళ్లుగా పునర్నిర్మాణం మాట వినబడుతూనే ఉంది. సుమారు 34 ఎకరాల కామాఠీపురాను మొత్తంగా తిరిగి కట్టే పని మ్హాడా చేతికిచ్చారు, ఇంటికి 500 చదరపు అడుగులు వస్తాయంటున్నారు. మంచిదే, రావాలి. అయితే అది వచ్చేదాకా ఎండాకాలాలు ఆగవు కదా.

నేను కప్పు పని మొదలుపెడతానంటే పక్క గది కాక అన్నాడు: "ఎట్లనూ కూలగొడ్తరు కద బిడ్డా, ఆ పైసలు బ్యాంకుల ఏసుకోరాదు?"

ఆయన మాట తేలిగ్గా తీసేయలేదు. డబ్బు విషయంలో అది సరైన ప్రశ్న. అందుకే కాగితం మీద పెట్టి చూశాను. మొత్తం ఖర్చు 28,000 అనుకున్నాను. ఏడేళ్లు ఇక్కడే ఉంటే ఏడాదికి 4,000 పడుతుంది. మూడేళ్లకే ఖాళీ చేయాల్సి వస్తే ఏడాదికి 9,333, నెలకు ఎనిమిది వందల లోపు. అదే డబ్బు ఏడు శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే ఏడాదికి వచ్చేది 1,960. ఈ వడ్డీ వదులుకున్నందుకు, ఆ ఖర్చు పెట్టినందుకు ఇంట్లోకి ఏమొస్తుంది? దానికి జవాబు దొరికితేనే పని.

కరెంటు బిల్లులో ఆ జవాబు దొరకదు. మాకు ఏసీ లేదు, కప్పుకు పని చేయించినంత మాత్రాన కరెంటిచ్చే బెస్ట్ వాళ్ల బిల్లు పెద్దగా తగ్గదు. ఇన్సులేషన్ లాభాల గురించి ఎక్కడ చదివినా ఏసీ ఖర్చు తగ్గడమే రాస్తారు. ఏసీ లేని ఇంటి లెక్క వేరు. నా భార్య ఇంట్లోనే చీరలకు ఫాల్, పికో చేస్తుంది, జాకెట్లు కుడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం నాలుగు గంటలు మిషన్ ఆగిపోయేది. పెళ్లిళ్ల కాలం అదే, పని ఎక్కువ వచ్చేదీ అప్పుడే. ఆ నాలుగు గంటలు తిరిగొస్తే రోజుకు తక్కువలో తక్కువ 150 రూపాయలు. నెలకు పాతిక రోజులు, మూడు నెలలు అంటే 11,250. రెండున్నర ఎండాకాలాల్లో పెట్టింది తిరిగొస్తుంది. మూడేళ్లకే చాల్ కూలగొట్టినా పెద్దగా నష్టం లేదు. ఈ అంకె చూశాక కాక కూడా కాసేపు మాట్లాడలేదు.

ఏసీ సంగతీ చూశాను. అప్పుడు ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ బిగింపుతో కలిపి 35,000 దాటేది. రాత్రికి ఆరు యూనిట్లు అనుకుని, యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకుంటే రోజుకు 48. మా చాల్ వైరింగు అంత భారం మోస్తుందన్న నమ్మకమూ లేదు. కాలుతున్న రేకు కింద ఏసీ పెట్టడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఇక దేనితో చేయించాలన్నది. పత్రా మామూలు లోహం. పాతబడి తుప్పు పట్టాక నడినెత్తి ఎండలో 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడిని నేరుగా కిందికి వెదజల్లుతుంది. మన నెత్తి మాడేది గాలి వల్ల కన్నా ఆ వెదజల్లే వేడి వల్లే ఎక్కువ. దీనికి రెండు మందులు. ఒకటి, పైన తెల్ల కూల్ రూఫ్ పెయింటు. ఎండను వెనక్కి కొడుతుంది, మిగిలిన వేడినీ త్వరగా వదిలేస్తుంది. కొత్త పత్రా మెరుస్తుంది కాబట్టి అదే చాలదా అని అడుగుతారు. మెరుపు ఎండను తిప్పికొడుతుంది గానీ, ఎక్కిన వేడిని మాత్రం తొందరగా వదలదు. తెలుపు రెండూ చేస్తుంది. రెండోది, కింద వేడిని అడ్డగించే పొర, దానికీ పత్రాకూ మధ్య కాస్త గాలి ఆడే ఖాళీ.

అందరూ థర్మకోల్ వేయమన్నారు. చవక, తేలిక, వేడిని బాగానే ఆపుతుంది. నేను ఒప్పుకోలేదు. గ్యాస్ పొయ్యి, దేవుడి దీపం, పాత వైర్లు అన్నీ ఒకే గదిలో ఉన్నచోట అంటుకునే సరుకు నెత్తిన పెట్టకూడదు. చాల్‌లో ఒక గదికి నిప్పంటుకుంటే అది ఒక గదితో ఆగదు. పది రూపాయలు ఎక్కువైనా గాజు ఉన్నే వేయించాలని ఇంట్లో తేల్చుకున్నాం. గాజు ఉన్ని మండదు. దానికున్న చిక్కు తడి. నీళ్లు పీల్చిందంటే వేడిని ఆపే గుణం పోతుంది, బరువుకు కిందికి జారుతుంది.

ముంబైలో ఈ తడి విషయమే అసలు విషయం. జూన్ నుంచి సెప్టెంబరు లోపు రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఊరిది. గుజరాత్, రాజస్థాన్ ఇళ్లకు పనికొచ్చే సలహా ఇక్కడ యథాతథంగా పనికిరాదు. ముందు నీళ్లు ఆపాలి, తర్వాతే వేడి. పత్రాల బోల్టు రంధ్రాల దగ్గర పాత వాషర్లు తీసి కొత్త రబ్బరు వాషర్లు వేయించాం, అతుకుల దగ్గర సీలెంట్ పట్టించాం, తర్వాత పెయింటు. ఈ పని మా అంతస్తులో వరుసగా ఉన్న నాలుగు ఇళ్లం కలిసి చేయించాం. పత్రా ఒకటే పరుపుగా ఉంటుంది. నా గది మీద ఒక్కదానికి తెల్లరంగు వేసి ఊరుకుంటే పక్కింటి నీళ్లు నా గదిలోకే వస్తాయి. కలిసి చేయించడం వల్ల కూలీ కూడా తగ్గింది. నా వాటా 6,500.

పడమటి గోడ గురించి చాలామంది లోపలి వైపు ప్లై వేసి మూసేయమన్నారు. పాత చాల్ ఇటుక గోడ మందమైనదే, దాని మీద ఖర్చు పెట్టాల్సింది వేడి కోసం కాదు. తడిసిన ఇటుక పొడి ఇటుక కన్నా వేడిని ఎక్కువగా లోపలికి పంపుతుంది. తడి గోడకు పలక కొట్టి మూస్తే వెనక బూజు పడుతుంది, ఆ వాసన పిల్లల ఊపిరిలోకి పోతుంది. బయటి గిలాబు పగిలినచోట్ల బాగుచేయించి, లోపల గోడను ఊపిరాడేలా వదిలేశాం.

లోపలి పని చూసి తీరాల్సిందే. ముందు ఇనుప చట్రం బిగించారు, పత్రాకు నాలుగు అంగుళాల కింద. పలచటి ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన రెండు అంగుళాల మందం గాజు ఉన్ని పరిచారు. కింద సిమెంటు ఫైబర్ బోర్డు. మేకులు కొట్టనివ్వలేదు, అన్నీ స్క్రూలే. రేపు ఖాళీ చేయాల్సి వస్తే బోర్డులు, చట్రం, ఉన్ని విప్పి తీసుకుపోవచ్చు. మేస్త్రీ ఆ ఉన్ని పరిచేటప్పుడు చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ లేకుండా ఎక్కబోతే ఆపి తెప్పించాం. అది ఒంటికి తగిలితే దురద, ఊపిరికి మంచిది కాదు. చట్రానికి రెండు చివర్లా జాలీ పెట్టి, పైన చేరిన వేడిగాలి బయటికి పోయేలా చేశారు. కప్పు ఎత్తు ఒక్క అంగుళం కూడా పెంచలేదు. రేపు పునర్నిర్మాణంలో మన హక్కు కాగితాల మీద ఆధారపడుతుంది, కట్టడం రూపు మార్చామన్న మాట రాకూడదు. పనికి ముందు, తర్వాత ఫోటోలు, రసీదులు, యజమానికి రాసిన ఉత్తరం నకలు ఒకే ఫైల్లో ఉన్నాయి. ఈ పనికి 21,500.

డబ్బు భీషీ నుంచి తీశాను. ఆ నెల మా వంతు ఎత్తుకున్నాం. వ్యక్తిగత రుణం తీసుకుని ఉంటే ఎండాకాలపు సంపాదనలో కొంత వడ్డీకే పోయేది. చేతిలో ఉన్న డబ్బుతో అయ్యే పనే చేయాలి, లేదంటే ఈ ఏడు పెయింటు, వచ్చే ఏడు లోపలి పని అని విడదీసుకోవాలి. పెయింటు ఒక్కటి వేసినా తేడా తెలుస్తుంది. ఆ పెయింటు శాశ్వతం కాదు. ఇక్కడి మసికి, వానకు మూడేళ్లకు ఒకసారి మళ్లీ పూయాలి. అది కూడా లెక్కలో ఉంచుకోవాలి.

గోడకు వేలాడదీసిన చిన్న థర్మామీటర్లో మధ్యాహ్నం పూట నాలుగు డిగ్రీల దాకా తేడా కనబడింది. హైదరాబాద్‌లో దేవరకొండ బస్తీలో 2017లో పేదల ఇళ్ల కప్పుల మీద తెల్ల పొర పరిచి చూస్తే సగటున రెండు డిగ్రీలు తగ్గింది. మాకు కింది పొర కూడా ఉంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు అని లక్ష్యం పెట్టుకుంది. ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్న మన ముంబై వాళ్లు దీన్ని తప్పక గమనించాలి. ఇక్కడ సంపాదించిందంతా ఊళ్లో స్లాబు మీద పోస్తాం. ఆ స్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా వదులుతుంది. పోత పోసినప్పుడే పైన ఇటుక ముక్కల కోబా, దాని మీద తెల్ల చైనా చిప్స్ వేయిస్తే నీళ్లకూ ఎండకూ ఒకే ఖర్చు సరిపోతుంది.

ఇప్పుడు మిషన్ మధ్యాహ్నం నడుస్తోంది. మొదటి ఎండాకాలంలోనే నేను రాసుకున్న 11,250 దాటింది. మా అమ్మ మధ్యాహ్నం కింది అంతస్తుకు దిగడం మానేసింది, మోకాళ్ల నొప్పితో ఆ మెట్లు దిగి ఎక్కే బాధ తప్పింది. దానికి నేను అంకె వేయలేదు.

చివరగా నా తోటి కిరాయిదారులకు ఒక విన్నపం. పునర్నిర్మాణం మీటింగులకు వెళ్లినప్పుడు మనం చదరపు అడుగులు, పార్కింగు, కార్పస్ నిధి గురించే అడుగుతున్నాం. గోడ దేనితో కడతారో కూడా అడగండి. ఈ రోజుల్లో ముంబై టవర్లలో చాలావాటికి అల్యూమినియం అచ్చుల్లో పోసిన ఆరంగుళాల కాంక్రీటు గోడలు వస్తున్నాయి. పని త్వరగా అవుతుంది, కానీ కాంక్రీటు వేడిని తేలికపాటి ఏఏసీ బ్లాకు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా లోపలికి పంపుతుంది. కేంద్రం ఇళ్ల ఇంధన పొదుపు కోసం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పు నుంచి లోపలికొచ్చే వేడి, ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లు దాటకూడదు, గోడలూ కిటికీలకు కలిపి చదరపు మీటరుకు 15 వాట్ల హద్దు ఉంది. ఆర్కిటెక్టును ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసిమ్మనండి. చివరి అంతస్తు ఎవరికి వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అందరం కలిసి అడగాలి.