జామీను గడువు తీరిన రోజు

ఇంటర్నెట్ పూర్తిగా ఆగిపోయినప్పుడు ఏమి చేయాలో నేడు పిల్లలకు కూడా తెలుసు. రౌటర్ ఆపి మళ్ళీ వేస్తారు, రీచార్జి ఉన్నదో లేదో చూస్తారు, పక్కింటి వారిని అడుగుతారు. మనిషిని నిజంగా తికమక పెట్టేది మరొక రకం జబ్బు: అదే కంప్యూటరులో, అదే బ్రౌజరులో, అదే నిమిషాన కొన్ని సైట్లు చక్కగా తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. అటువంటప్పుడు ఎవరికి తోచిన కారణం వారు చెబుతారు. వైరస్ అంటారు, కంప్యూటరు పాతబడింది అంటారు, సైటే చెడిపోయింది అంటారు.

2021 అక్టోబరు 2, శనివారం సాయంత్రం మార్కాపురం నుండి మా మేనకోడలు ఫోను చేసింది. ఆ ఏడాది మే నెలలో, కరోనా రెండవ విడతలో, వాళ్ళ అబ్బా అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. మా ఆపా ఇద్దత్ గడువు అప్పటికి కొద్ది రోజుల క్రితమే ముగిసింది. ఆ అమ్మాయికి నర్సింగు కోర్సులో సీటు దొరికింది. ఫీజు మాత్రం లేదు. తండ్రిని కోల్పోయిన విద్యార్థులకు సాయం చేసే ఒక సంస్థకు దరఖాస్తు పంపాలి. గడువు మంగళవారం. కావలసిన పత్రాలన్నీ స్కాన్ చేసి వాళ్ళ అబ్బా కంప్యూటరులో సిద్ధంగా పెట్టుకున్నది. బుధవారం వరకు తెరుచుకున్న ఆ సంస్థ సైటు శుక్రవారం నుండి తెరుచుకోవడం లేదు. తెర నిండా ఎర్రని హెచ్చరిక.

“మామూ, షాపులో చూపించాను. ఇది విండోస్ సెవెన్, దీని పని అయిపోయింది, పారేసి కొత్తది కొనుక్కోమన్నారు” అన్నది. ఆ మాటలోని బాధ దరఖాస్తు గురించి మాత్రమే కాదు. ఆ కంప్యూటరులో వాళ్ళ అబ్బా పలకల వ్యాపారం లెక్కలున్నాయి, ఆయన తీసిన ఫొటోలున్నాయి. కొత్తది కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు. ఉన్నా మా ఆపా దానిని ఇంటి గడప దాటనిచ్చేది కాదు.

నేను విజయవాడలో ఒక కళాశాల కంప్యూటరు ల్యాబులో చాలా ఏళ్ళు పనిచేసినవాడిని. దూరం నుండి జబ్బు తెలుసుకోవడానికి ఒకటే సాధనం, ప్రశ్న. “ఏవి తెరుచుకుంటున్నాయి, ఏవి తెరుచుకోవడం లేదు? కాగితం మీద రెండు వరుసలుగా వ్రాయి బేటా” అన్నాను. గూగుల్, యూట్యూబ్, బ్యాంకు ఒక వరుసలో వచ్చాయి. ఆ సహాయ సంస్థ, ఒక చిన్న పుస్తక ప్రచురణకర్త, ఆపా చూసే ఒక వంటల పేజీ రెండవ వరుసలో చేరాయి. పెద్దవన్నీ ఒక వైపు, చిన్నవన్నీ మరొక వైపు. ఇది వైరస్ చేసే పని కాదని నాకు అప్పుడే అనిపించింది.

తరువాత హెచ్చరిక క్రింద ఉన్న చిన్న అక్షరాలను చదవమన్నాను. మనలో చాలామంది చదవనిది అదే. అసలు సంగతి ఉండేదీ అక్కడే. “ఎర్ సర్ట్ డేట్ ఇన్వాలిడ్” అని అక్షరం అక్షరం చదివింది. అంటే సైటు చూపిన ధ్రువపత్రం విషయంలో తేదీ కుదరలేదన్నమాట. పాత కంప్యూటర్లలో దీనికి మామూలు కారణం మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోవడం. అది అయిపోతే కంప్యూటరు ఆపి వేసిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. నేటి పత్రాలు దానికి ఇంకా పుట్టనివిగా కనిపిస్తాయి. కొద్ది రూపాయల బ్యాటరీతో తీరిపోయే జబ్బు అది. కాని తెర మూలన తేదీ, సమయం, సంవత్సరం అన్నీ సరిగానే ఉన్నాయి.

ఫోనులో మొబైల్ డేటా మీద ఆ సైటును తెరవమన్నాను. తెరుచుకున్నది. అంటే సైటు బాగానే ఉన్నది. ఆ ఫోను హాట్‌స్పాట్‌కే కంప్యూటరును కలపమన్నాను. తెరుచుకోలేదు. అంటే ఇంటి కనెక్షనులోనూ లోపం లేదు. ఇక మిగిలింది కంప్యూటరే.

ఈలోగా ఆమె స్నేహితురాలు రెండు ఉపాయాలు చెప్పిందట. హెచ్చరిక పేజీలో “అడ్వాన్స్‌డ్” నొక్కి, ఎలాగైనా ముందుకు పొమ్మనడం మొదటిది. కంప్యూటరు తేదీని సెప్టెంబరుకు జరపడం రెండవది. రెండింటినీ నేను వద్దన్నాను. చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు రెండు మాటలు చెబుతుంది: మీరు పంపేది దారిలో ఎవరూ చదవలేరు, అవతల ఉన్నది నిజంగా ఆ పేరుగలవారే. రెండవ మాట రుజువు కానప్పుడు మొదటి దానివల్ల ప్రయోజనమేమిటి? ఉత్తరానికి లక్కముద్ర గట్టిగానే ఉంటుంది, కాని అందుకునేది ఎవరో తెలియదు. ఆ దరఖాస్తుతో పోయేవి మా ఆపా ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, మరణ ధ్రువపత్రం. వంటల పేజీ చదువుకోవడానికైతే నేనంత పట్టుబట్టేవాడిని కాదు. ఇక తేదీని వెనక్కి జరిపితే గడువు తీరిన పత్రాలు ప్రాణం పోసుకుంటాయి, నిన్న మొన్న ఇచ్చిన సరైన పత్రాలు చెల్లకుండా పోతాయి.

హెచ్చరిక పేజీ నుండే ధ్రువపత్రాన్ని తెరిపించి, అందులోని వరుసను పై నుండి చదివించాను. అన్నిటికన్నా పైన “డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్ త్రీ” అనే పేరు. దాని గడువు 2021 సెప్టెంబరు 30. గురువారం, మన గడియారం ప్రకారం రాత్రి 7 గంటల 31 నిమిషాలు. విషయమంతా అక్కడ విడిపోయింది.

దీనిని మా ఆపాకు నేను చెప్పిన తీరులోనే ఇక్కడ చెబుతాను. ఊరికి కొత్తగా వచ్చినవాడికి అప్పు కావాలంటే ఎవరైనా పాత వ్యాపారి జామీను ఉండాలి. సైట్లకు గుర్తింపు పత్రాలిచ్చే సంస్థలదీ అదే పరిస్థితి. ప్రతి కంప్యూటరులో తాను నమ్మే జామీనుదారుల జాబితా ఒకటి ఉంటుంది. 2015 చివర “లెట్స్ ఎన్‌క్రిప్ట్” అనే లాభాపేక్ష లేని సేవ ఈ పత్రాలను అందరికీ ఉచితంగా ఇవ్వసాగింది. అంతవరకు డబ్బు పెట్టి కొనలేని చిన్న సంస్థలు, ధర్మ సంస్థలు, చిన్న ప్రచురణకర్తలు దానిని ఆశ్రయించారు. మా అమ్మాయి రెండవ వరుసలోని పేర్లన్నీ ఎందుకు చిన్నవో ఇప్పుడు తెలుస్తుంది. ఆ కొత్త సంస్థను అప్పటికి ఏ కంప్యూటరూ ఎరుగదు. అందుకని 2000వ సంవత్సరం నుండి అందరూ నమ్ముతూ వచ్చిన ఒక పాత మూలపత్రం దానికి జామీను నిలిచింది. కాలక్రమాన కొత్త సంస్థ సొంత మూలపత్రం, “ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్ వన్”, జాబితాలకెక్కింది. కొత్త కంప్యూటర్లు దానిని నేరుగా ఎరుగును. పాతవి మాత్రం ఆ పాత జామీనుదారును తప్ప మరొకరిని ఎరుగవు. ఇరవై ఒక్క ఏళ్ళు నిలిచిన ఆ జామీను గడువు ఆ గురువారం తీరిపోయింది.

విండోస్‌లో కొత్త జామీనుదారుల పేర్లు అప్‌డేట్ల దారినే చేరుతుంటాయి. ఎన్నడో ఒక షాపులో, కంప్యూటరు వేగం తగ్గుతుందని, ఆ దారి మూసివేసి పంపారు. దానికి తోడు విండోస్ సెవెన్‌కు మైక్రోసాఫ్ట్ సహాయం 2020 జనవరిలోనే ముగిసింది. నాటి క్రోమ్ బ్రౌజరు సొంత జాబితా పెట్టుకోక విండోస్ జాబితానే నమ్ముకున్నది.

“తెర మీద ఫైర్‌ఫాక్స్ ఉన్నదా?” అని అడిగాను. ఉన్నది. చాలా ఏళ్ళ క్రితం తెలుగు పత్రికలు తమ తమ సొంత ఫాంట్లతో వచ్చే రోజుల్లో, వాటిని యూనికోడ్‌లోకి మార్చే “పద్మ” అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్‌కు ఉండేది. దానికోసమే మా బావగారు ఫైర్‌ఫాక్స్‌ను పెట్టుకున్నారు. పత్రికలు మారినా దానిని తీసివేయలేదు. ఫైర్‌ఫాక్స్ విండోస్ మీద ఆధారపడదు, తన జామీనుదారుల జాబితాను తానే మోసుకొని వస్తుంది. అందులో ఆ కొత్త మూలపత్రం 2016 నుండీ ఉన్నది.

ఫోనులో మౌస్ నొక్కిన చప్పుడు వినిపించింది. కొంతసేపు ఏ మాటా లేదు. “వచ్చింది మామూ. తాళం గుర్తు కూడా ఉన్నది” అన్నది. వెనుక నుండి మా ఆపా “అబ్బా పెట్టినదేనా?” అని అడగడం నాకు వినబడింది. ఆ రాత్రి పది గంటలలోపే దరఖాస్తు వెళ్ళిపోయింది.

విండోస్ జాబితాలో కొత్త మూలపత్రాన్ని చేర్చే పనిని నేను ఫోనులో చేయించలేదు. ఒక మూలపత్రాన్ని నమ్మడమంటే, అది ఎవరికి హామీ ఇస్తే వారినందరినీ నమ్మడమే. ఎవరో పంపిన ఫైలును అక్కడ పెట్టుకుంటే ఇంటి తాళాల గుత్తిని వీధిలో వదిలినట్లే. రెండు వారాల తరువాత నేనే మార్కాపురం వెళ్ళి, ఆ సంస్థ సైటు నుండే దింపుకొని, వేలిముద్ర వంటి దాని అంకెల వరుసను మరొక కంప్యూటరులోని దానితో ఒక్కొక్క అక్షరం సరిపోల్చి చేర్చాను. క్రోమ్ కూడా మళ్ళీ దారికి వచ్చింది. పని చేస్తున్నంతసేపూ మేనకోడలు పక్కన కూర్చొని నోట్సు వ్రాసుకున్నది.

ఫీజు సాయం నవంబరులో మంజూరైంది. ఆ కంప్యూటరుకు మాత్రం నేను పెట్టిన షరతు ఇంకా నడుస్తున్నది. విండోస్ సెవెన్ మీద క్రోమ్ 109వ వెర్షనుతో ఆగిపోయింది. ఇక ముందు కొత్త రక్షణలు దానికి అందవు. కనుక బ్యాంకు పనులన్నీ ఫోనులోనే చేసుకోవాలి. మా బావగారి లెక్కలు, ఫొటోలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసి ఆపా బీరువాలో పెట్టించాను.