కోనసముద్రపు ఉక్కు

ఏ దేశమేగినను అచ్చటి కత్తుల అంగడిని వెదకి, కమ్మరి పనితనమును చేతబట్టి చూడనిదే నాకు యాత్ర పూర్తియైనట్లు తోచదు. అట్టి అంగళ్లలో నేడు మిక్కిలిగా వినవచ్చు పేరు డమస్కస్ ఉక్కు. నీటి అలలవంటి చారలు గల అలుగు కనబడినంతనే వర్తకుడు ఆ పేరుచ్చరించి వెలను రెట్టింపు చేయును. పూర్వము ఆ కీర్తిని గడించిన అలుగుల ఉక్కు సిరియా దేశమున పుట్టినది కాదనియు, మన దక్షిణాపథమున, విశేషించి నిజామాబాదు సీమలోని కోనసముద్రము వంటి గ్రామముల మూసలలో కరగి పారసీక వర్తకుల వెంట పడమటికి పోయినదనియు చాలకాలము క్రిందటనే చదివియుంటిని. అయినను ఆ నేలను కన్నులార చూచు భాగ్యము మొన్నటి మాఘమాసమున మెండోరకు పోయినప్పుడు గాని లభింపలేదు.

మెండోర గోదావరికి దక్షిణముననున్న మండల కేంద్రము. 1963 జూలై 26న జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, నేటి శ్రీరామసాగరము, ఈ మండలములోనిదే. పసుపు త్రవ్వకము ముమ్మరముగా సాగుచుండిన రోజులగుటచే, మొద్దువారిన పనిముట్లు పట్టుకొని రైతులు కమ్మరి కొలిమికడ వేచియుండిరి. తోలుతిత్తికి బదులు విద్యుత్తుతో తిరుగు చిన్న బ్లోయరు నిప్పును రగిలించుచుండగా, ఒక వృద్ధ కమ్మరి పటకారుతో పట్టిన ఎర్రని ముక్కను దాగలిపై నుంచి సుత్తె దెబ్బలతో కొడవలిగా వంచుచుండెను. అది ఏ ఉక్కని యడిగితిని.

“లారీ కమాను పట్టీ సారూ. గింత గట్టి సామాను ఇంకేడ దొరుకుతది? మా తాతలు కోనసముద్రం ఉక్కు, కోనసముద్రం ఉక్కు అని చెప్తుండిరి. నేనైతే కండ్ల జూడలె” అని అతడు పని ఆపకయే పలికెను.

కాగిన కొడవలి అంచును మాత్రమే నీట ముంచి, వెన్నులో మిగిలిన వేడిమి అంచునకు ప్రాకునపుడు దానిపై తేలు పసుపు, ఊదా వన్నెలను కనిపెట్టి, తగిన వన్నె రాగానే అతడు మరల ముంచెను. రెప్పపాటు ఆలస్యమైనచో అంచు మెత్తబడును. తొందరపడినచో పెళుసై విరుగును. ఏ దేశపు కత్తికైనను ఆ వన్నెను పట్టుకొన్న కంటికే నేను వెల యిత్తును గాని, పిడికి చెక్కిన నగిషీకి కాదు.

మెండోరనుండి బాల్కొండ మీదుగా ఆగ్నేయమునకు సాగి, కమ్మర్‌పల్లి మండలములోని కోనసముద్రము చేరితిని. తెలియనివాడు ఆ యూరిని అన్ని ఊళ్లవంటిదే యనుకొని దాటిపోవును. కాని నేలను పరికించి నడచినవానికి నల్లని ఇనుప చిట్టెము అడుగడుగునను తగులును. వాని నడుమ పగిలిన మూసల పెంకులు, లోపలి వైపు గాజువలె నిగనిగలాడునవి, కనబడును. ఒక పెంకును చేతబట్టి చూడగా కాలిన మట్టిలో ఊక పోయిన సన్నని బొరియలు స్పష్టముగా నుండెను. వరి ఊకను మట్టిలో కలిపి మూసలను చేయుట ఇచ్చటి వారి ఉపాయము. ఉక్కును కరగించునంతటి తాపమునకు తాళి నిలుచుటకే ఆ కలయిక.

లాంబ్టన్ నడపిన త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వెస్లీ వాయ్‌సీ, ఈ గ్రామమునకు స్వయముగా వచ్చి, ఉక్కు వండు విధమును వ్రాసిపెట్టెను. ఆ వ్రాత 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. రెండు తావులనుండి తెచ్చిన రెండు తెరగుల ఇనుమును కలిపి మూసలో నుంచి, మూతను మట్టితో బిగించి, ఒక పగలు ఒక రేయి నిప్పు తగ్గనీయక కాల్చి, చల్లారిన పిమ్మట మూసను పగులగొట్టి ఉక్కు బిళ్లను వెలికి తీసెడివారు. అంతటితో పని ముగియలేదు. ఆ బిళ్లకు మట్టి పూసి పలుమారులు కాచి చల్లార్చి, సుత్తెకు లొంగునట్లు చేయవలసియుండెను. వాయ్‌సీ వచ్చినపుడు ఇస్ఫహానునుండి వచ్చిన హాజీ హుసేను అను వర్తకుడు ఆ గ్రామముననే యుండి సరుకును తూయించి కొనుచుండెనట. తమ దేశమున ఈ ఉక్కును వండ యత్నించి పారసీకులు విఫలులైరనియు ఆ వ్రాతవలన తెలియుచున్నది. అంగడి వాని మాటను నమ్మక, సముద్రములు దాటి మూస పగులు చోటికే వచ్చిన ఆ వర్తకుని నేను కత్తులు కొనువారికందరికిని గురువుగా భావించుచున్నాను.

ఐరోపావారును ఈ ఉక్కును శోధింపక విడువలేదు. 1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీకి దీనినిగూర్చి విన్నవించెను. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే తన యౌవనమున దీని మర్మమును ఛేదింపగోరి ఎన్నియో మిశ్రలోహములను వండెను. గత శతాబ్ది చివర అమెరికాలో వెర్‌హోవెన్, పెండ్రే అనువారు, ముడి ఖనిజములోని వెనేడియము వంటి లేశమాత్రపు లోహములు కార్బైడు కణములను పొరలుగా పేర్చుటచే చారలు కలుగునని నిరూపించిరి. 2010లో బెంగుళూరి జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును ఉత్తర తెలంగాణ గ్రామములను సర్వే చేసి, చిట్టెపు దిబ్బలను నమోదు చేసిరి. ఆ దిబ్బలలో కొన్ని దున్నకములకు కరగిపోవుచున్నవి. ఒక ఫలకమైనను నాటి వానిని కాపాడుట ప్రభుత్వమునకు భారమైన పని కాదు.

అంగళ్లలో నేడు డమస్కస్ అని అమ్ముడుపోవు అలుగులలో అత్యధిక భాగము వేరు జాతికి చెందినవి: రెండు రకముల ఉక్కు రేకులను అతికి, మడచి, మెలివెట్టి, ఆమ్లమున ముంచి చారలు తెప్పించినవి. అవి చెడ్డవని యనను. వానిలోను గొప్ప పనితనము కలదు. కాని మూసనుండి వెడలిన బిళ్లలో దానంతట పుట్టిన చార వేరు, అతుకుటచే వచ్చిన చార వేరు. ఏది ఏదియో వర్తకునడిగి వ్రాయించుకొనుట కొనువాని హక్కు.

ఉక్కును తెలిసికొన్నంత మాత్రమున చాలదు, రాజశాసనమును తెలియవలెను. జపానులో తగిన కారణము లేక 6 సెంటీమీటరులకు మించిన అలుగును వెంట తిప్పుకొనుట నేరము. అచ్చటి ప్రాచీన ఖడ్గము కళాఖండముగా నమోదై పత్రము కలిగియుండును, దేశము దాటించుటకు సాంస్కృతిక శాఖ ధ్రువపత్రము వేరుగ కావలెను. ఖడ్గమును గౌరవించుచునే కట్టడి చేయు ఆ పద్ధతి నాకెంతయు నచ్చినది. ఇంగ్లండులో 3 అంగుళములలోపు మడతకత్తిని, అదియు బిగింపు లేనిదానిని, జేబులో నుంచుకొనవచ్చును. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టమును, 2016 నాటి నియమములును, 9 అంగుళముల పొడవునో 2 అంగుళముల వెడల్పునో మించిన అలుగుగల ఆయుధములను లైసెన్సు పరిధిలో చేర్చినవి. గృహ, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామికావసరములకు చేసినవి మినహాయింపు పొందినవి. అందుచేతనే మెండోర కమ్మరి కొడవలికి అనుమతి అక్కరలేదు. నూరేండ్లు దాటిన పాత కత్తిని మన దేశమునుండి తరలింపగోరు పరదేశికి 1972 నాటి పురావస్తు చట్టము అడ్డునిలుచును. ఇది మిక్కిలి సముచితము.

మస్కట్టులో కొలువుచేయు మా మేనల్లుడు, ముత్రా బజారులో వెండి ఒరగల ఖంజరు నొకదానిని చూచి ముచ్చటపడి, తేవచ్చునా యని నన్నడిగియుండెను. ఖంజరు ఒమాను రాజచిహ్నమున వెలసినది, 2022లో యునెస్కో వారసత్వపు జాబితాకెక్కినది. వాని ముచ్చట తప్పు కాదు. అయినను పాత ఖంజరుల పిడులు కొన్ని ఖడ్గమృగపు కొమ్ముతో చేసినవి గావున, ఆ కొమ్ము వ్యాపారము అంతర్జాతీయముగా నిషిద్ధమగుటచే, పిడి దేనితో చేసినదో రసీదుపై వ్రాయించుకొనుమంటిని. అలుగును కొలువుము, కొలత మించెనేని లైసెన్సు లేనిదే కొనవలదు. మించకున్నను చేతిసంచిలో నుంచక లోపలి సామానులో వేసి, మన విమానాశ్రయమున సుంకపు అధికారికి నీవే ముందుగా చూపుము అని వ్రాసితిని. ఈ వేసవి సెలవుకు వచ్చునపుడు కోనసముద్రమునకు తోడ్కొని పోయెదననియు, ఖంజరు బేరము ఆ తరువాత చేయవచ్చుననియు చేర్చితిని.