ఉమ్ములో ఊరూ పేరూ

ఏమండోయ్, మీ ఇంటికీ వచ్చిందా ఆ డబ్బా? అదేనండీ, డీఎన్‌ఏ కిట్టు! ఇక్కడ అమెరికాలో పిల్లలు అమ్మానాన్నలకి పండగ కానుకగా అదే ఇస్తున్నారు. ట్యూబులో గీత దాకా ఉమ్మాలి. నురుగు లెక్కలోకి రాదు. పైగా అరగంట ముందు నుంచీ కాఫీ చుక్క ముట్టకూడదట. పొద్దున్నే ఇదేం అన్యాయమండీ!

అన్నదమ్ముల రిపోర్టులు ఒకేలా లేవని కంగారుపడుతున్నారా? అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం రావడం ఖాయం. ఏ సగం అన్నది మాత్రం ప్రతి బిడ్డకీ పేకముక్కలు కొత్తగా కలిపి పంచినట్టే. వై క్రోమోజోమ్ మాత్రం తాత, తండ్రి, కొడుకు వరసన మన గోత్రంలాగే నడుస్తుంది. మైటోకాండ్రియా డీఎన్‌ఏ అచ్చంగా అమ్మమ్మలది. కొడుక్కీ వస్తుంది కానీ అతని పిల్లలకి పోదు. మనం సంకల్పంలో ఏనాడూ చెప్పుకోని ఆ అమ్మమ్మల వరసంతా అందులో భద్రంగా ఉంది. ఎంత ముచ్చటగా ఉందో చూడండి!

అసలు కబురు ఇప్పుడు చెబుతాను. 2009లో బోస్టన్‌లోని హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్, మన హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనశాల నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్ కలిసి 'నేచర్' పత్రికలో ఓ పరిశోధన అచ్చువేశారు. 25 సమూహాలు, 132 మంది. దేశంలో దాదాపు అందరమూ రెండు పాత మూలాలు కలిసిన వాళ్లమేనని తేలింది. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాం! ఆంధ్రా వైశ్యుల్లోనైతే రెండు మూడు వేల ఏళ్లుగా బయటి సంబంధాలు బహు తక్కువ. వాళ్ల కులదేవత పెనుగొండ వాసవమ్మ కథలోని 102 గోత్రాలు గుర్తొచ్చాయి కదూ?

అందుకే వాళ్లలో కొందరికి ఒక ఎంజైము బాగా తక్కువ. దాని పేరు బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్. నోరు తిరగలేదా? ఫరవాలేదు. మామూలు రోజుల్లో ఏ బాధా ఉండదు. ఆపరేషనప్పుడు కండరాలని సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఇస్తేనే చిక్కు. నిమిషాల్లో తేరుకోవాల్సిన కండరాలు గంటలకొద్దీ చచ్చుబడే ఉంటాయి. అంతసేపూ ఊపిరి మిషనే ఆడించాలి.

మనవైపు మత్తు డాక్టర్లకి ఈ సంగతి తెలుసు. ఇక్కడి ఆసుపత్రి కాగితంలో మనందరికీ 'ఏషియన్' అని ఒకే గడి. వాళ్లకెలా తెలుస్తుంది? మనమే చెప్పాలి. రక్తపరీక్షతో తేలిపోతుంది కూడా. మీ పెదనాన్నగారు ఆపరేషనయ్యాక ఊపిరికి ఇబ్బంది పడ్డారని ఎప్పుడో అన్నారు కదూ? ఆ ఫోను తీసి పెద్దమ్మగారిని వివరంగా అడగండి. అక్కడ తెల్లారే ఉంటుంది.